రాత్రి నుంచి సూర్యోదయం దాకా ఒకే షాట్: ఎల్‌ఆర్‌టైమ్‌లాప్స్ నాకెందుకు నచ్చింది

మాది ప్రొద్దుటూరు. పెళ్లిళ్ల ఫొటోలు నా బతుకుతెరువు. ముహూర్తాలు లేని రోజుల్లో గండికోట వెళ్లి టైమ్‌లాప్స్ (కొన్ని సెకన్లకొక ఫొటో తీసి అన్నిటినీ వీడియోగా కలపడం) తీస్తుంటాను. నక్షత్రాలతో మొదలై ఎండ పడేదాకా ఎక్కడా తెగకుండా నడిచే వీడియో అంటే నాకు ప్రాణం. అందుకోసం వాడేది ఎల్‌ఆర్‌టైమ్‌లాప్స్. జర్మనీకి చెందిన గుంథర్ వెగ్నర్ తయారుచేసిన సాఫ్ట్‌వేర్ ఇది. కొనొచ్చా అని తోటి ఫొటోగ్రాఫర్లు అడుగుతున్నారు. కొనొచ్చు. అయితే అది చేసే పని ఏదో, మనం చేయాల్సింది ఏదో ముందే తెలిసుండాలి.

శివరాత్రి వెళ్లిన తర్వాతి రోజుల్లో తెల్లవారుజామున చంద్రుడి వెలుగు ఉండదు. పాలపుంత నడిభాగం ఆగ్నేయంలో బాగా కనిపిస్తుంది. పెన్నా లోయ అంచున 14 ఎంఎం లెన్స్‌ను తూర్పుకీ ఆగ్నేయానికీ మధ్యకు తిప్పి పెడితే పాలపుంత, సూర్యుడు రెండూ ఒకే ఫ్రేములోకి వస్తాయి. చీకట్లో నా సెట్టింగ్: షట్టర్ 20 సెకన్లు, ఎపర్చర్ (లెన్స్ తెరుచుకునే రంధ్రం) ఎఫ్ 2.8, ఐఎస్‌ఓ (వెలుగుకు కెమెరా స్పందించే తీవ్రత) 3200. సూర్యుడు పైకొచ్చేసరికి అదే ఎఫ్ 2.8లో సెకనులో వెయ్యో వంతు, ఐఎస్‌ఓ 100 దాకా దిగాలి. అంటే దాదాపు 19 స్టాపుల తేడా! (ఒక్కో స్టాపుకూ వెలుగు రెట్టింపో సగమో అవుతుంది.) ఆటోకు వదిలేస్తే కెమెరా ఫ్రేము ఫ్రేముకీ ఎక్స్‌పోజర్ కొంచెం అటూ ఇటూ మార్చేస్తుంది, వీడియో మిణుకు మిణుకుమంటుంది. అందుకే అంతా మాన్యువల్‌లో, రా ఫార్మాట్‌లో (కెమెరా పట్టిన సమాచారమంతా దాచే ఫైల్) తీస్తాను. వెలుగు పెరిగేకొద్దీ ఒక్కసారికి మూడో వంతు స్టాపు చొప్పున దించుతాను.

ముందు ఐఎస్‌ఓ దించాలి. నాయిజ్ (ఫొటోలో కనిపించే గరుకు చుక్కలు) తగ్గుతుంది, షట్టర్ పొడుగ్గానే ఉంటుంది కాబట్టి మబ్బుల కదలిక మెత్తగా వస్తుంది. ఐఎస్‌ఓ 100కు చేరాకే షట్టర్ జోలికి వెళ్లాలి. ఎపర్చర్ మాత్రం కదపొద్దు. లెన్స్ బ్లేడ్లు ప్రతిసారీ సరిగ్గా ఒకేచోట ఆగవు, మిణుకు అక్కడి నుంచే మొదలవుతుంది.

ఇలా మెట్లు మెట్లుగా తీసిన ఫొటోలను వరసగా చూస్తే వెలుగు రంపం పళ్లలా ఎగుడుదిగుడుగా ఉంటుంది. సాఫ్ట్‌వేర్ గొప్పతనం ఇక్కడే. ఫొటోలోని సమాచారం చదివి ఎక్కడెక్కడ సెట్టింగ్ మారిందో అదే పట్టేస్తుంది. రాత్రి నుంచి పగటికి మారే షాట్ల కోసం అందులో ఉన్న హోలీ గ్రెయిల్ విజార్డ్ నొక్కితే ఆ మెట్లన్నిటినీ కలిపి నున్నగా చేస్తుంది. కీఫ్రేములుగా అది ఎంచిన కొన్ని ఫొటోలకు లైట్‌రూమ్‌లో (అడోబీ వాళ్ల ఫొటోలు దిద్దే సాఫ్ట్‌వేర్) రంగులు, వైట్ బ్యాలెన్స్ దిద్దితే చాలు, మధ్యలోని వందల ఫొటోలకు అదే లెక్క కట్టుకుంటుంది. చివర్లో విజువల్ డీఫ్లికర్ మిగిలిన మిణుకును కూడా తీసేస్తుంది. నల్లటి ఆకాశం నీలంలోకి, నీలం నారింజలోకి కరిగిపోతుంటే ఎక్కడా అతుకు కనబడదు. మొదటిసారి చూసినప్పుడు నాకు ఒళ్లు పులకరించింది.

కానీ తెల్లగా కాలిపోయిన ఆకాశాన్ని ఏ సాఫ్ట్‌వేరూ వెనక్కి తేలేదు. అందుకే సూర్యోదయానికి వెలుగు కంటే ఒక అడుగు ముందే దించాలి, ఫొటో కాస్త చీకటిగా ఉన్నా పర్వాలేదు. ఇంకో మాట. యూరప్ వాళ్ల పాఠాలు చూసి అదే వేగంతో చేస్తే మన దగ్గర కుదరదు. అక్కడ సూర్యుడు ఏటవాలుగా మెల్లగా లేస్తాడు. మన దగ్గర దాదాపు నిటారుగా వచ్చేస్తాడు. గండికోటలో ఐదుంబావు నుంచి గంటన్నర పాటు, సగటున మూడు నాలుగు ఫ్రేములకొక మెట్టు దిగాల్సిందే. మధ్యలో ఇంకా తొందరగా. హిస్టోగ్రామ్ (ఫొటోలో చీకటి, వెలుగు ఎంతెంత ఉన్నాయో కెమెరా చూపే గ్రాఫ్) కుడి అంచు మీద నుంచి కన్ను తీయకండి.

ఖర్చు సంగతి. లైసెన్స్‌కు నెల చందా లేదు, కానీ లైట్‌రూమ్ క్లాసిక్ కావాలి, దానికి చందా తప్పదు. ప్రివ్యూలు తయారవడానికి మంచి ప్రాసెసర్ ఉంటే హాయి. పెళ్లి వీడియోలు చేసే కంప్యూటర్ ఉన్నవాళ్లకు ఆ బెంగ లేదు. పగటి మబ్బులు, ట్రాఫిక్ టైమ్‌లాప్స్‌లు మాత్రమే తీసేవాళ్లకు ఇది అంత అవసరం లేదని నా అభిప్రాయం. రాత్రి నుంచి పగటికి వెళ్లేవాళ్లకు మాత్రం ఇంతకంటే నమ్మకమైనది నేను చూడలేదు.

ముందు ఉచిత వెర్షన్‌తో మొదలుపెట్టండి. అందులో ఒక సీక్వెన్సుకు 400 ఫొటోలే పరిమితి. 25 సెకన్ల ఇంటర్వెల్‌తో (అంటే 25 సెకన్లకొక ఫొటో) మూడు గంటలు తీస్తే 432 అవుతాయి, పట్టవు. ఇంటర్వెల్ 30 సెకన్లు పెట్టుకుంటే 360తో సరిపోతుంది.