హెన్రీ క్లే వర్క్ ఊళ్లు చూడాలంటే గైడు అక్కర్లేదు, బస్సు చాలు

అమెరికాలో కనెక్టికట్ రాష్ట్రంలో ‘అంతర్యుద్ధ గీతాల టూర్’ అని తలకు 85 డాలర్లు తీసుకున్న గైడు, రాజధాని హార్ట్‌ఫర్డ్ దాటకముందే తప్పు చెప్పాడు. ‘మార్చింగ్ త్రూ జార్జియా’ పాట కట్టిన హెన్రీ క్లే వర్క్, ఆ పాటలోని ఉత్తరాది సేనాని జనరల్ షెర్మన్ దండుతో జార్జియాలో నడిచాడట! నడవలేదు. ఆ దండు 1864 నవంబరు 15న అట్లాంటాలో బయల్దేరి, డిసెంబరు 21కి సవానా పట్టుకుంది. వర్క్ అప్పుడు షికాగోలో రూట్ అండ్ కేడీ అనే ప్రచురణ సంస్థకు పాటలు రాస్తున్నాడు. ఈ పాట అచ్చయింది 1865లో.

ఇది చిన్న పొరపాటు కాదు, ఆ మనిషి అసలు పనే చెరిపేసింది. వర్క్ వృత్తి అచ్చుపని. మన ప్రెస్సుల్లో కంపోజింగ్ అనేవాళ్లే, అదే, కానీ సంగీతానికి. స్వరం తల, కాడ, అయిదు గీతల తునకలు అన్నీ విడివిడి సీసపు ముక్కలు. పక్కపక్కన పేర్చి బిగించాలి. ముక్క అరిగినా, బిగింపు వదులైనా అచ్చులో గీత తెగి కనిపిస్తుంది. పియానో ముట్టుకోకుండా నేరుగా టైపులోనే బాణీ కట్టేవాడని చెబుతారు. గైడు నోట ఇందులో ఒక్క ముక్క రాలేదు.

తండ్రి ఆలన్సన్ వర్క్ సంగతీ ఎత్తలేదు. బానిసలను తప్పించబోయి 1841లో మిసోరీలో పట్టుబడితే ఆయనకు 12 ఏళ్ల శిక్ష వేశారు, 1845లో వదిలారు. కొడుకు పాటల్లో విముక్తి అంతగా ఎందుకు వినబడుతుందో ఆ జైలు చెబుతుంది. అయితే 1862 నాటి అతని పాట ‘కింగ్‌డమ్ కమింగ్’, తెల్లవాళ్లు ముఖాలకు నల్లరంగు పూసుకుని ఆడే ప్రదర్శనల యాసలో ఉంది, ఇప్పుడు వింటే మనసుకు కష్టంగానే ఉంటుంది. షెర్మన్‌కేమో తన మీది ‘మార్చింగ్ త్రూ జార్జియా’యే విని విని విసుగెత్తింది.

మిడిల్‌టౌన్ వర్క్ పుట్టిన ఊరు (1832). సౌత్ గ్రీన్ పార్కులో అతని అర్ధవిగ్రహం ఉంది, ఉచితం. మాన్స్‌ఫీల్డ్ టెర్రస్‌లోని అతని ఇంటిని రోడ్డు మీంచే చూడండి. వ్యానులో ముభావంగా కూర్చున్న అత్తయ్యగారు, నిలువెత్తు గడియారాలకు ‘గ్రాండ్‌ఫాదర్ క్లాక్’ పేరు తెచ్చిన 1876 నాటి పాటా ఇతనిదేనని తెలిశాక విగ్రహం దగ్గర రెండోసారి ఆగారు. భోజనానికి ఆ ప్రాంతపు స్టీమ్‌డ్ చీజ్‌బర్గర్ తినొచ్చు, శాకాహారులు డబ్బా కట్టుకెళ్లాలి.

సమాధి హార్ట్‌ఫర్డ్‌లోనే, మెయిన్ స్ట్రీట్‌లో స్ప్రింగ్ గ్రోవ్ శ్మశానంలో. 1884 జూన్ 8న పోయాడు, 51 ఏళ్లకే. టూరులో ఇక్కడికి తీసుకురానేలేదు! మిడిల్‌టౌన్ పొద్దున్నే చూసుకుని, సమాధికి వెలుగుండగానే చేరండి.

హార్ట్‌ఫర్డ్‌లో చుట్టాలున్న మనవాళ్లకు లెక్క చెబుతాను. మిడిల్‌టౌన్ బస్సు టికెట్ 1.75 డాలర్లు, నలుగురికి రానూపోనూ 14. టూరుకు మా నలుగురికీ పోయినవి 340.