ముందు నవలా, సినిమానా?

2018 మార్చి 16న అమెరికాలో 'లవ్, సైమన్' సినిమా విడుదలైంది. దానికి ముందు ట్రైలర్ చూసినప్పటి నుంచి నాకు ఒకటే ఆత్రంగా ఉండేది, ఫాక్స్ లాంటి పెద్ద స్టూడియో తీసిన టీనేజ్ ప్రేమకథలో హీరో గే కుర్రాడు మరి! ఈ సినిమాకి మూలమైన, బెకీ ఆల్బర్టాలి 2015లో రాసిన నవల ముందే చదివితే సైమన్ మనసంతా తెలుస్తుంది. లైబ్రరీ కంప్యూటర్‌లో లాగవుట్ చేయడం మర్చిపోయి, తన ఈమెయిళ్లు క్లాస్‌మేట్ కంటపడ్డాయని తెలిసినప్పటి ఆ గుండెదడ మనకూ పట్టుకుంటుంది. కానీ సైమన్ ఈమెయిళ్లు రాసుకునే అజ్ఞాత కుర్రాడు 'బ్లూ' ఎవరో ముందే తెలిసిపోతుంది. అదే సినిమాకి ముందు వెళితే ఆ గుట్టు హాల్లో అందరితో కలిసి, ఊపిరి బిగబట్టి తెలుసుకోవచ్చు అనిపించింది. పదహారేళ్లప్పుడు ఇలాంటి కథ తెరమీద చూడలేకపోయినవాణ్ని, అందుకే అప్పుడు నా ఓటు హాలుకే వేశాను. నవల తర్వాత తీరిగ్గా చదువుకుందాం అనుకున్నాను.