నాలుగేళ్లు వాడాక డ్రమ్ ఫిల్టర్ గురించి

మొదటి ఏడాది ఈ ఫిల్టర్ మీద నాకు నమ్మకం పోయింది. మాది భీమవరం దగ్గర పల్లె. సిమెంటు ట్యాంకుల్లో గిఫ్ట్ అనే మేలురకం తిలాపియా చేపలు పెంచుతున్నాం, నీటిని శుభ్రం చేసి మళ్లీ మళ్లీ వాడే ఆర్‌ఏఎస్ పద్ధతిలో. చుట్టూ సన్న జల్లెడ (మెష్) ఉండి, తిరుగుతూ నీటిలోని మురికిని వడకట్టే పీపాయే డ్రమ్ ఫిల్టర్. 60 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) మెష్ ఉన్న అది రాత్రింబవళ్లు తిరుగుతున్నా నీరు మాత్రం కుడితిలాగే ఉండేది. చేపలు మేత సరిగ్గా అందుకునేవి కావు. మొప్పలు పాలిపోయి, జిగురుగా ఉండేవి. నిద్ర పట్టనంత టెన్షన్ పడ్డాను.

తప్పు ఫిల్టర్‌ది కాదు, బిగించిన తీరుది. ట్యాంకు నీటిని మోటారుతో తోడి డ్రమ్‌లో పోసేవాళ్లం. చేపల మలం మెత్తగా ఉంటుంది కదా, మోటారు రెక్కల్లో పడి పిండిపిండి అయిపోయేది. ఆ పిండిని ఏ మెష్ ఆపుతుంది? గుంట తవ్వి డ్రమ్‌ను కిందకు దించాం. ఇప్పుడు ట్యాంకు అడుగు నుంచి నీరు దానంతటదే వాలుకు వస్తుంది, మోటారు డ్రమ్ తర్వాతే. రెండు వారాల్లో ట్యాంకు అడుగు కనబడింది. కొనేవాళ్లు ఏ కంపెనీది అని అడిగే ముందు మోటారు ఎక్కడ పెడతారో అడగాలి.

ఇది నీళ్లు చిమ్మి తనను తాను కడుక్కుంటుంది. మురికి పట్టి లోపల నీటిమట్టం పెరిగితే డ్రమ్ తిరిగి, పైనున్న నాజిళ్లు చిమ్ముతాయి. ఆ చప్పుడే నాకు గడియారం. మేత వేశాక త్వరత్వరగా వినిపిస్తుంది, తెల్లవారుజామున ఎప్పుడో ఒకసారి. ఆగకుండా చిమ్ముతోందంటే మెష్‌కు మేత నూనె జిడ్డు పట్టినట్టే. మా బోరు నీటి సున్నానికి నాజిళ్లు పూడుకుపోతాయి. నెలకోసారి విప్పి నిమ్మఉప్పు నీళ్లలో రాత్రంతా నానబెడతాను. గట్టి బ్రష్షుతో మెష్ రుద్దొద్దు. ఒకసారి మా అబ్బాయి రుద్దితే చిరిగింది, ఆ చిరుగులోంచి మురికంతా దాటిపోయింది. నాలుగేళ్లలో మెష్ మార్చింది ఆ ఒక్కసారే.

దీనికి లొంగనిది మెష్ రంధ్రాలకంటే సన్నని నలక. అది తిరుగుతూ తిరుగుతూ నీటిలో పేరుకుపోతుంది, నీటిలోని క్రిములను చంపే యూవీ లైటు వెలుగును అడ్డుకుంటుంది. నురగతో తీసే ప్రొటీన్ స్కిమ్మర్ ఉప్పునీటి హేచరీల్లో బాగా పనిచేస్తుంది గానీ మంచినీటిలో నురగ నిలవదు. అందుకే డ్రమ్ తర్వాత ఒక తొట్టిలో ప్లాస్టిక్ మీడియా (ఫిల్టర్లలో వాడే చిన్న చిన్న ప్లాస్టిక్ ముక్కలు) పోసి, గాలి ఇవ్వకుండా కదలనీయకుండా ఉంచాను. నలక దాని సందుల్లో ఆగుతుంది. వారానికి రెండుసార్లు గాలి పెట్టి కలియబెట్టి, ఆ బురదనీరు కొబ్బరి చెట్లకు వదులుతాం. ఆ పని ఎగ్గొడితే అక్కడే కుళ్లి చేపలకు విషమైన అమ్మోనియా పెరుగుతుంది, జాగ్రత్త.

ఈమధ్యే రెండో డ్రమ్‌కు ఆర్డరిచ్చాను. 40 మైక్రాన్లది తీసుకోమన్నారు గానీ 60దే చాలన్నాను. సన్న మెష్ అయితే కడుగుడు ఎక్కువ, నీరూ కరెంటూ ఎక్కువ. గుంట మాత్రం ముందే తవ్వించాను.