హెడ్‌ఫోన్ మూగబోతే: పావుకంట్రోలా, ఆల్సామిక్సరా?

లినక్స్‌లో హెడ్‌ఫోన్ పెట్టినా శబ్దం రాకపోతే ముందు పావుకంట్రోల్ (pavucontrol, శబ్దం ఏ డివైస్‌కి వెళ్లాలో, ఎంత వాల్యూమ్‌లో వెళ్లాలో చూసుకునే విండో) తెరవండి. పాట ప్లే చేస్తూ 'అవుట్‌పుట్ డివైసెస్' ట్యాబ్ చూడండి. వాల్యూమ్ కింది పట్టీ ఎగిరిపడుతున్నా చెవిలో ఏమీ వినపడట్లేదంటే, పాట ఏదో ఒక డివైస్‌కి వెళ్తూనే ఉంది. అది హెచ్‌డీఎమ్‌ఐ అయితే మానిటర్‌కి పోతున్నట్టే. 'కాన్ఫిగరేషన్' ట్యాబ్‌లో ప్రొఫైల్‌ని 'అనలాగ్ స్టీరియో డూప్లెక్స్'కి మార్చి, మళ్లీ 'అవుట్‌పుట్ డివైసెస్'కి వచ్చి పోర్ట్‌లో హెడ్‌ఫోన్స్ ఎంచుకోండి. పక్కన 'అన్‌ప్లగ్డ్' అని ఉన్నా ఎంచుకోవచ్చు. జాక్‌ని గుర్తించడంలో డ్రైవర్ తప్పటం మామూలే. ఫెడోరా 34 నుంచీ, ఉబుంటు 22.10 నుంచీ వెనక శబ్దాన్ని నడిపేది పైప్‌వైర్ అనే సౌండ్ సర్వర్ అయినా ఈ పనిముట్టు అలాగే పనిచేస్తుంది.

డివైస్, పోర్ట్ రెండూ సరిగ్గానే ఉండి, పట్టీ కదులుతున్నా నిశ్శబ్దమే అయితే తప్పు ఇంకా కింద, సౌండ్ కార్డు స్థాయిలో ఉంది. అక్కడ ఆల్సామిక్సరే దిక్కు. సౌండ్ కార్డు వాల్యూమ్‌లని నేరుగా మార్చే ఈ పనిముట్టుని టెర్మినల్‌లో (alsamixer) తెరిచి, ఎఫ్6 నొక్కి అసలు సౌండ్ కార్డును ఎంచుకోండి (చాలామంది మరిచిపోయేది ఇదే). 'హెడ్‌ఫోన్' గడి కింద 'ఎంఎం' కనిపిస్తే అది మ్యూట్‌లో ఉన్నట్టు. ఎం నొక్కితే '00' అవుతుంది. పై బాణంతో వాల్యూమ్ పెంచండి. హెడ్‌ఫోన్ పెట్టినా స్పీకర్లు మోగుతూనే ఉంటే 'ఆటో-మ్యూట్ మోడ్'ని ఎనేబుల్ చేయండి.

బ్లూటూత్‌కి మాత్రం ఆల్సామిక్సర్ జోలికి వెళ్లకండి. కాల్ తర్వాత పాట డొల్లగా వినిపిస్తే, పావుకంట్రోల్‌లో ప్రొఫైల్‌ని ఏ2డీపీకి (పాటల కోసం ఉన్న మంచి నాణ్యత బ్లూటూత్ ప్రొఫైల్) తిప్పితే చాలు.