ఎండను తిప్పికొట్టే రెండు ఉపాయాలు: ఏది మేలు?

భూమి మీద పడే ఎండలో ఒకటి రెండు శాతం తిప్పి పంపగలిగితే వేడి తగ్గుతుంది. దీనికి ఎక్కువగా చర్చలో ఉన్న దారులు రెండు. ఒకటి, వాన మేఘాలకు పైనుండే గాలి పొర స్ట్రాటోస్ఫియర్‌లో సల్ఫర్ చల్లడం. రెండోది, సముద్రం మీది మేఘాల్లోకి ఉప్పునీటి తుంపర ఎగజిమ్మడం.

పనిచేస్తుందా అని అడిగితే మొదటిదానికి సాక్ష్యం గట్టిది. 1991 జూన్‌లో ఫిలిప్పీన్స్‌లోని పినటుబో అగ్నిపర్వతం పేలి, కోటిన్నర టన్నులకు పైగా సల్ఫర్ డయాక్సైడ్‌ను పైకి చిమ్మింది. అది సన్నటి ఆమ్ల బిందువులుగా మారి భూగోళమంతా పరుచుకుంది. మరుసటి ఏడాది భూమి సగటు ఉష్ణోగ్రత దాదాపు అర డిగ్రీ తగ్గింది. అంత ఎత్తులో వాన కడిగేసేది ఉండదు కాబట్టి ఆ బిందువులు ఏడాది రెండేళ్లు నిలుస్తాయి.

మేఘాల దారి ఇంత తిన్నగా ఉండదు. 1990లో జాన్ లాథమ్ అనే భౌతిక శాస్త్రవేత్త దీన్ని ప్రతిపాదించారు. మేఘంలో నీరు అంతే ఉండి, ఆవిరి పట్టుకునే ఉప్పు లాంటి కణాలు పెరిగితే అదే నీరు మరిన్ని చిన్న బిందువులుగా చీలుతుంది. బిందువుల మొత్తం ఉపరితలం పెరిగి మేఘం ఇంకా తెల్లబడుతుంది. ఓడల పొగలోని సల్ఫర్ కణాలూ ఇదే పని చేస్తాయి; ఓడలు వెళ్లిన దారి వెంట మేఘాల్లో పొడుగాటి తెల్ల చారలు ఉపగ్రహ చిత్రాల్లో కనబడేది ఇందుకే. చిక్కల్లా ఏమిటంటే, చిన్న బిందువులు త్వరగా ఆవిరవుతాయి కూడా. పైన పొడిగాలి ఉంటే మేఘం పలచబడి అసలుకే ఎసరు రావచ్చు. జల్లు కురిసే మేఘమైతే దీనికి తలకిందులు: జల్లు ఆగి, మేఘం చిక్కబడుతుంది. 2014-15లో ఐస్‌లాండ్‌లో లావా నెలల తరబడి పొంగినప్పుడు ఆ పొగకు మేఘ బిందువులు చిన్నవయ్యాయి గానీ, మేఘాల్లో నీటి పరిమాణం పెద్దగా మారలేదు.

నష్టాల దగ్గరకు వస్తే తూకం మారుతుంది. స్ట్రాటోస్ఫియర్‌లోని సల్ఫేట్ (పైన చెప్పిన ఆమ్ల బిందువులే) ఓజోన్ పొరను దెబ్బతీస్తుంది, వానల తీరునూ మారుస్తుంది. ఏళ్ల తరబడి చల్లి ఒక్కసారిగా మానేస్తే, అణిగి ఉన్న వేడి కొన్నేళ్లలోనే ఎగబాకుతుంది. మేఘాల పద్ధతిని పెద్ద ఎత్తున చేసినా దూర ప్రాంతాల వానలు మారొచ్చు, ఆపితే వేడి తిరిగి రావడమూ తప్పదు. ఇక గాల్లోని కార్బన్ డయాక్సైడ్, దానివల్ల సముద్రం ఆమ్లమయమవడం, ఈ రెండింటినీ ఏ ఉపాయమూ ముట్టుకోదు.

అయినా పరీక్షించి చూడాలంటే నా ఓటు ఉప్పునీటికే. కింది గాల్లోని ఉప్పు కొద్ది రోజుల్లో రాలిపోతుంది. తేడా కొడితే యంత్రం ఆపేయొచ్చు, పైన చల్లిన సల్ఫర్‌ను వెనక్కి పీల్చుకోలేం. ఈ తొందరగా వదిలిపోయే గుణాన్ని కళ్లారా చూశాం కూడా: 2020 జనవరిలో ఓడల ఇంధనంలో సల్ఫర్ పరిమితిని 3.5 శాతం నుంచి 0.5కు దించాక, సముద్రం మీది తెల్ల చారలు వెంటనే బాగా తగ్గిపోయాయి. ఆస్ట్రేలియాలో గ్రేట్ బ్యారియర్ రీఫ్ అనే పగడాల దిబ్బల దగ్గర 2020 నుంచి చిన్న స్థాయిలో తుంపర పరీక్షలు జరిగాయి. పగడాలు పాలిపోయే వేసవి వారాల్లో కాస్త నీడ దొరికితే చాలన్నది అక్కడి ఆశ. ఆ కొలతలో ఒప్పుకుంటాను, భూగోళమంతటికీ సరిపోతుందంటే మాత్రం ఇప్పుడే నమ్మను.