లూమినాలా, కాస్ల్-మేయరా: కడిగేసిన రక్తాన్ని పట్టడానికి ఏది మేలు?

ఫోరెన్సిక్ పరీక్షల గురించి ఎప్పుడు రాసినా పాఠకులు మళ్లీ మళ్లీ అడిగేది ఇదే. రక్తపు జాడ వెతకడానికి లూమినాల్ అనే స్ప్రే రసాయనాన్ని మించింది లేదు. కానీ వచ్చిన ఫలితాన్ని ఎంతవరకు నమ్మొచ్చు అన్న దగ్గర నా మొగ్గు కాస్ల్-మేయర్ అనే రంగు పరీక్ష వైపే.

లూమినాల్‌ను 1937లోనే జర్మనీలో వాల్టర్ ష్పెహ్ట్ నేర పరిశోధనకు పనికొస్తుందని చూపించాడు. గది చీకటి చేసి స్ప్రే కొడితే, లక్ష వంతుల నీటిలో ఒక వంతు రక్తం ఉన్నా నీలంగా మెరుస్తుంది. టైల్స్ సందుల్లో దాగింది కూడా బయటపడుతుంది. ఆ వెలుగు ఎక్కువసేపు ఉండదు కాబట్టి కెమెరా ముందే స్టాండు మీద సిద్ధంగా ఉండాలి. స్ప్రే మితిమీరితే గోడ మీది మరక కారిపోయి, చిందిన తీరే చెరిగిపోతుంది.

అసలు చిక్కు వేరే ఉంది. బ్లీచింగ్‌తో కడిగిన నేల కూడా మెరుస్తుంది, రాగి కూడా మెరిపిస్తుంది. లూమినాల్ ద్రావణంలో కావాల్సిన రసాయనాలన్నీ ముందే కలిసి ఉంటాయి కనుక ఆ మెరుపు దేనివల్ల వచ్చిందో విడదీయలేం.

కాస్ల్-మేయర్ గొప్పతనం ఇక్కడే. మరకను స్వాబ్‌తో (దూది పుల్లతో) కొద్దిగా తుడిచి, మొదట ఆల్కహాల్, తర్వాత రంగులేని రూపంలోని ఫినాల్ఫ్తలీన్ ద్రావణం, చివర్లో హైడ్రోజన్ పెరాక్సైడ్ చుక్కలు వేస్తారు. పెరాక్సైడ్ పడకముందే గులాబీ రంగు వస్తే అది రక్తం పని కాదు, బ్లీచ్ లాంటి ఆక్సీకారిణి పని. పెరాక్సైడ్ పడిన వెంటనే వస్తేనే పాజిటివ్. ఆలస్యంగా వచ్చే రంగును లెక్కలోకి తీసుకోరు, గాలి తగిలితే ద్రావణం దానంతటదే రంగు మారుతుంది. పైగా అసలు మరకలో చాలా భాగం డీఎన్ఏ కోసం మిగులుతుంది.

అలాగని ఇది మనిషి రక్తమని చెప్పదు. జంతువుల రక్తానికీ, ముల్లంగి జాతి రసానికీ గులాబీ రంగు రావొచ్చు. ఆస్ట్రేలియాలో తన పసిబిడ్డను చంపిందన్న నేరం మీద లిండీ చాంబర్లిన్‌ అనే తల్లికి 1982లో యావజ్జీవ శిక్ష పడినప్పుడు, కారు డ్యాష్‌బోర్డు కింది చిందులు ఆ పసిబిడ్డ రక్తమని ప్రాసిక్యూషన్ నిపుణులు వాదించారు. అవి శబ్దం తగ్గించడానికి కొట్టిన పూత చుక్కలని తర్వాత తేలింది. ఆమె మూడేళ్లకు పైగా జైల్లో ఉంది. ఈ కేసు చదివాకే రక్తమా కాదా అని మొదట చూసే ప్రాథమిక పరీక్షల మీద నాకు అంత పట్టింపు పెరిగింది.

రక్తం పట్టే రసాయనాలు ఇంకా ఉన్నాయి. బ్లూస్టార్ లూమినాల్‌కే మెరుగైన రూపం: వెలుగు ఎక్కువ, ఎక్కువసేపు ఉంటుంది. ఫ్లోరసీన్‌కు ప్రత్యేక దీపం కావాలి. బెంజిడిన్ క్యాన్సర్ కారకం, దాని జోలికి పోనక్కర్లేదు.

2024 జూలై నుంచి అమల్లోకి వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్‌లో (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం), ఏడేళ్లు, అంతకు మించి శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణులు ఘటనాస్థలికి వెళ్లాలనే నిబంధన ఉంది. మన క్లూస్ టీమ్‌లు లూమినాల్ మెరుపు ఫోటోతో ఆగకుండా, మెరిసిన ప్రతి చోటా స్వాబ్ తీసి కాస్ల్-మేయర్ చేసి, పాజిటివ్ వచ్చినవి డీఎన్ఏకు పంపాలి.