ఎక్స్-ప్లేన్‌లో ఐఆర్ ప్రాక్టీస్: నాకు పనికొచ్చింది ఒక్క మెనూ

ఇంట్లో కంప్యూటర్ మీద విమానం నడిపించే సిమ్యులేటర్ ఎక్స్-ప్లేన్. దాని గ్రాఫిక్స్ ఎలా ఉంటాయో, ఏ పీసీ కావాలో అందరూ ఎప్పుడో చెప్పేశారు. నేను చెప్పేది ఫెయిల్యూర్స్ మెనూ గురించే, అంటే ఎగురుతుండగా ఏ పరికరం పాడవ్వాలో మనమే పెట్టుకునే చోటు. ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్‌కి (ఐఆర్, అంటే బయట ఏమీ కనబడకపోయినా డయళ్లు చూసే నడపడానికి ఇచ్చే అర్హత) తయారయ్యేవాళ్లు దాని కోసమైనా కొనుక్కోవచ్చు.

ఫ్లయింగ్ స్కూల్లో విమానాలు ఖాళీ లేక ఇంటికి పంపేస్తే, కర్నూలులో మా మేడ మీద గదిలో కూలర్ పెట్టుకుని ఎక్స్-ప్లేన్‌లో సెస్నా 172 అనే చిన్న విమానం నడిపేవాణ్ణి. గాలి పీలుస్తూ కొన్ని డయళ్లని నడిపే వ్యాక్యూమ్ పంపు ఎప్పుడు పోతుందో నాకూ తెలియకుండా ర్యాండమ్‌లో పెట్టాను. ఓ మధ్యాహ్నం కడప దగ్గర మబ్బుల్లో దిగుతుంటే, విమానం ఎటు ఒరిగిందో చూపే ఆటిట్యూడ్ ఇండికేటర్ మెల్లగా కుడికి ఒరిగింది. బజర్ మోగదు. చిన్న హెచ్చరిక లైటు ఉంటుంది గానీ, దిగే దారి చూపే అప్రోచ్ చార్ట్ చూసుకునేవాడి కంట అది పడదు. సరిచేద్దామని ఎడమకి తిప్పాను. మలుపు చూపే టర్న్ కోఆర్డినేటర్ మాత్రం ఎడమకే తిరిగిపోతున్నావంటోంది. అది కరెంటుతో నడుస్తుంది, ఆటిట్యూడ్, దిక్కు చూపే హెడింగ్ డయళ్లు రెండూ వ్యాక్యూమ్‌తో. ఆ పంపు ఎంత పీలుస్తోందో చూపే సక్షన్ గేజి చూస్తే సూది పడిపోయి ఉంది. ఎత్తు అప్పటికే ఉండాల్సినదానికంటే తగ్గుతోంది.

నిజం విమానంలో ఇదే పాఠానికి మా సార్ డయల్ మీద రబ్బరు మూత అంటించేవారు. మూత పడగానే తెలిసిపోతుంది కదా, ఇక దాన్ని చూడొద్దని! పాడైన డయల్ బాగున్నట్టే నటిస్తే ఎలా ఉంటుందో గాల్లో ఎవరూ చూపించరు.

అయితే తర్వాత హుడ్ (బయట కనబడకుండా, డయళ్లే కనబడేలా చేసే మూత) పెట్టుకుని నిజం సెస్నా ఎక్కినప్పుడు ఇంకో సంగతి తెలిసింది. చాలాసేపు మలుపులో ఉండి రెక్కలు సమం చేశాక, డయళ్లన్నీ సరిగ్గా చూపిస్తున్నా ఒంటికి మాత్రం అవతలి వైపు తిరుగుతున్నట్టే ఉంటుంది. లోపలి చెవిలో ద్రవం చేసే మాయ. మెడ దానంతటదే వంగిపోతుంది. మేడ మీద కుర్చీ కదలదు కాబట్టి అక్కడ డయల్ని నమ్మడం సులువు. పైగా నిజం విమానంలో ఎండాకాలం కుదుపులు, చేతులు ఖాళీ లేనప్పుడే ఏటీసీ (కింది నుంచి విమానాలకి దారి చెప్పేవాళ్లు) పిలుపు.

ఇంట్లో నడిపిన గంటలు లాగ్‌బుక్కులో ఎక్కవు. పైలట్ లైసెన్సులిచ్చే ప్రభుత్వ సంస్థ డీజీసీఏ అడిగే 40 గంటల ఇన్‌స్ట్రుమెంట్ టైమ్‌లో 20 దాకా సిమ్యులేటర్‌వి చెల్లుతాయి, అదీ ఆమోదం ఉన్న యంత్రమైతేనే. ఈ మాట చెబితే మా నాయన, "మల్ల ఇదంతా ఎందుకు తెస్తివిరా?" అన్నాడు.

నాది బ్యాంకు లోను మీద నడిచే చదువు, ఖాళీగా కూర్చున్న నెలలూ ఎక్కువే, కాబట్టి నాకు గిట్టుబాటైంది. రోజూ స్లాట్ దొరికేవాళ్లకి ఇంత అవసరం పడకపోవచ్చు. ఇంకా గాల్లోకి ఎగరనివాళ్లయితే మాత్రం, ముందు కొన్ని గంటలు విమానంలో అయ్యాక కొనుక్కోండి.